పింఛను కేసు గెలుస్తామని పీఎఫ్ తీసేయొచ్చా?

ప్రశ్న: 2001లో కరెంటు శాఖలో చేరాను. ఇప్పుడు మిర్యాలగూడలో డ్యూటీ. 2028లో 58 నిండుతాయి, 2031లో రిటైర్మెంట్. ఈపీఎఫ్ బదులు పాత పింఛను కోసం మావాళ్లు కోర్టుకెళ్లారు. ఎలాగూ గెలుస్తాం కదా అని, పీఎఫ్ తీసి మా అబ్బాయి పేరిట ప్లాటు కొందామనుకుంటున్నా. కొనొచ్చా?

జవాబు: ప్లాటు మీ ఇష్టం. పీఎఫ్ డబ్బుతో మాత్రం వద్దు. కేసు గెలిచినా ఓడినా ఆ డబ్బుతో మీకు పని ఉంది.

విద్యుత్ బోర్డును 1999 ఫిబ్రవరి 1న విడదీసినప్పుడు, అప్పటికే పనిచేస్తున్నవారి పింఛనుకు ప్రభుత్వం, బోర్డు, యూనియన్ల త్రైపాక్షిక ఒప్పందం రక్షణ ఇచ్చింది. ఆ తర్వాత చేరిన మిమ్మల్ని ఈపీఎఫ్‌లో వేశారు. రాష్ట్రంలో సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే కొత్త పింఛను పథకం) వచ్చిందే 2004 సెప్టెంబరు 1న కాబట్టి, ఈ మధ్యలో చేరినవారికీ పాత పింఛనే ఇవ్వాలన్నది మీవాళ్ల వాదన. నా దృష్టిలో బలమైన వాదనే. కానీ వాదన బలంగా ఉన్నంత మాత్రాన మీ రిటైర్మెంట్‌లోగా తీర్పు వస్తుందని కాదు.

ఓడితే? ఈపీఎస్ (ఈపీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం) లెక్కకు తీసుకునే జీతం 2014 ఆగస్టు దాకా 6,500, ఆ తర్వాత 15,000 మించదు. దాన్ని 58 నిండేదాకా ఉన్న సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. సర్వీసుకు రెండేళ్ల బోనస్ కలిపినా మీకు నెలకు 5 వేలు రాదు. 2023 జులై 11లోగా అధిక పింఛనుకు (ఆ పరిమితి లేకుండా అసలు జీతం మీద లెక్కించేది) ఆప్షన్ ఇచ్చి ఉంటే వేరే సంగతి. లేదంటే మీ ముసలితనానికి ఆధారం పీఎఫ్ నిల్వే.

గెలిస్తే? చివరి మూలవేతనం లక్ష అనుకుందాం. 33 ఏళ్ల సర్వీసుకు అందులో సగం పింఛను కాబట్టి, మీ 30 ఏళ్లకు 45 వేల చిల్లర, పైన కరువు భృతి. అయితే ఇలా మారేటప్పుడు పీఎఫ్‌లో యాజమాన్యం వేసిన వాటాను వడ్డీతో వెనక్కి కట్టమనడం మామూలే. అప్పటికి ఆ సొమ్ము ప్లాటులో ఇరుక్కుని ఉంటే, పాత పింఛనుకు మారే ఆప్షన్ గడువులోగా అమ్ముడుపోతుందా? వచ్చిన ధరకు వదిలించుకోవాల్సి వస్తుంది.

ప్లాటు కావాలంటే అబ్బాయినే తన జీతం మీద లోన్ తీసుకోమనండి. మీరు అపాయింట్‌మెంట్ ఆర్డరు, సర్వీసు పుస్తకం నకలు, ఏటేటా పీఎఫ్ పాస్‌బుక్ ఒకచోట పెట్టుకోండి. పిటిషన్‌లో మీ పేరుందో లేదో ఈ వారమే కనుక్కోండి. ఆలస్యంగా వెళ్లినవారికి బకాయిలను మూడేళ్లకే పరిమితం చేసిన తీర్పులున్నాయి. కేసు ఖర్చుకు యూనియన్ చందా అడిగితే ఇవ్వండి, రసీదు మాత్రం తీసుకోండి.