నానమ్మకు జనవరిలో, మనవడికి జూన్‌లో: టీకా వరుసలో ఫుట్‌బాల్ ఆటగాడి చోటు ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయికి 25 ఏళ్లు. ఇంగ్లండ్‌లో ఒక చిన్న క్లబ్బులో ప్రొఫెషనల్‌గా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఫ్లూ టీకా వేయించుకోమని క్లబ్బు డాక్టరు చెబితే వద్దంటున్నాడు. కరోనా రోజుల కోపం వాడికి ఇంకా పోలేదు. "లాక్‌డౌన్‌లో మమ్మల్ని మైదానంలోకి తోసి ఆడించారు. కుర్చీలోంచి లేవని నానమ్మకు జనవరిలో టీకా వేసి, రోజూ ఇరవై మందితో ఒళ్లు రాసుకుని ఆడే నాకు జూన్‌లో వేస్తారా?" అంటాడు. దానికి తోడు, మైదానంలో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సెన్ కుప్పకూలిన వీడియో చూపించి టీకాల వల్లే ఆటగాళ్ల గుండెలు ఆగిపోతున్నాయంటున్నాడు. మా అత్తగారికి ఇప్పుడు 86. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. వాడికి ఏం చెప్పమంటారు? (ఒక తల్లి)

జవాబు: కుర్చీలోంచి లేవలేని మనిషి కాబట్టే మీ అత్తగారికి ముందు వేశారమ్మా. ఆవిడ వైరస్ దగ్గరికి వెళ్లలేదు, వైరసే ఆవిడ దగ్గరికి వచ్చేది. తెచ్చేది ఎవరంటే, బయట తిరిగి వచ్చే మీ అబ్బాయో మీరో. "తెచ్చేవాణ్ణి నేనైతే నాకే ముందు వేయాలి కదా" అని మీ అబ్బాయి అడగవచ్చు. అది మంచి ప్రశ్నే. ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లు కూడా అదే అడిగారు.

జవాబు ఆనాటికి మా డాక్టర్ల చేతిలో ఉన్న ఆధారాల్లో ఉంది. ఇంగ్లండ్‌లో 2020 డిసెంబర్ 8న కొవెంట్రీలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కు తొలి టీకా వేసేనాటికి, అది వేసుకున్నవారిని తీవ్రమైన జబ్బు నుంచి కాపాడుతుందని గట్టిగా తెలుసు. వేసుకున్నవారి నుంచి మరొకరికి సోకకుండా ఎంత ఆపుతుందో తెలియదు. మనవడికి వేస్తే నానమ్మ బతుకుతుందన్నది అప్పటికి ఒక ఆశ. నానమ్మకే వేస్తే నానమ్మ బతుకుతుందన్నది రుజువైన విషయం. డోసులు చాలనప్పుడు రుజువు ఉన్న వైపే మొగ్గాలి.

అందుకే అక్కడి నిపుణుల సంఘం తొమ్మిది వరుసలు గీసింది. వృద్ధాశ్రమాల్లో ఉండేవారు, వారిని చూసుకునే సిబ్బంది మొదటి వరుస. 80 దాటినవారు, ఆసుపత్రుల్లో రోగుల మధ్య పనిచేసేవారు రెండోది. అప్పటికి మీ అత్తగారికి 81 కాబట్టి ఆవిడ ఈ వరుసలోకి వచ్చారు. అక్కడి నుంచి వయసు దిగుతూ, మధ్యలో దీర్ఘవ్యాధులున్నవారిని కలుపుకుంటూ 50 ఏళ్ల దగ్గర ఆగింది. టీకాతో ఆపగలిగిన మరణాల్లో సుమారు 99 శాతం ఈ తొమ్మిది వరుసల్లోనే ఉన్నాయని ఆ సంఘం లెక్క. మీ అబ్బాయి ఉన్నది మిగిలిన ఆ ఒక్క శాతంలో. ఆ జాబితా వృత్తిని దాదాపు పట్టించుకోలేదు. ఫుట్‌బాలర్లకే కాదు, బడిపంతుళ్లకు, పోలీసులకు, బస్సు డ్రైవర్లకు కూడా ప్రత్యేక వరుస ఇవ్వలేదు. నా మటుకు నాకు బస్సు డ్రైవర్ల విషయంలో ఆ నిర్ణయం ఈనాటికీ కొరుకుడు పడదు. ఫుట్‌బాలర్ల విషయంలో మాత్రం ఏ సందేహమూ లేదు.

"ఆటగాళ్లు కొన్ని వందల మందేగా, వాళ్లకు వేస్తే ఏం తరిగిపోతుంది?" అన్న మాట ఆ జనవరిలో బాగా వినిపించింది. ఆ మాట ఎవరైనా అనగలరు. నటులు అనగలరు, పైలట్లు అనగలరు, మంత్రులైతే అడక్కుండానే వేయించుకోగలరు. పైగా ఆటగాళ్లకు అప్పటికే ఒక రక్షణ ఉంది. అది వృద్ధాశ్రమాల్లో పనిచేసే ఆయాలకు చాలాకాలం దొరకలేదు. అదే క్రమం తప్పని కరోనా పరీక్ష. 2020 మార్చి 13న ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్ ఆగిపోయింది. ముందు రోజు రాత్రే ఆర్సెనల్ క్లబ్బు మేనేజర్ మికెల్ ఆర్టెటాకు కరోనా సోకినట్లు తేలింది. మే నెలలో శిక్షణకు పిలిచినప్పుడు మొదటి విడతలో 748 మంది ఆటగాళ్లకు, సిబ్బందికి పరీక్షలు చేస్తే ఆరుగురికి పాజిటివ్ వచ్చింది. జూన్ 17న ఖాళీ స్టేడియాల్లో మళ్లీ మొదలయ్యేనాటికి వారానికి రెండు పరీక్షలు మామూలయ్యాయి. అప్పట్లో మాలో చాలామందికి, రోజూ రోగుల దగ్గు మీద పడే డాక్టర్లకు కూడా, అలాంటి వసతి లేదు.

మైదానంలోకి తోశారన్న మాటను మాత్రం నేను కొట్టిపారేయను. 2021 జనవరిలో దేశమంతా తలుపులు మూసుకుని ఉంటే ప్రొఫెషనల్ ఆటలకు మినహాయింపు ఇచ్చారు. టీవీలో చూసేవారికి అది కాలక్షేపం, ఆడేవాడికి ఇంటికి ఏం తీసుకెళ్తున్నానోనన్న బెంగ. 2020 మే నెలలో వాట్‌ఫోర్డ్ క్లబ్బు కెప్టెన్ ట్రాయ్ డీనీ శిక్షణకు రానని చెప్పేశాడు. ఇంట్లో ఐదు నెలల బిడ్డ, ఆ బిడ్డకు ఊపిరి ఇబ్బంది. తన గురించి కాదు, ఇంటి గురించి అతని భయం. మీ అబ్బాయి కోపం అడుగున కూడా అదే ఉందేమో ఒకసారి కదిపి చూడండి. ఇరవై, ఇరవై ఒకటేళ్ల కుర్రాడు నానమ్మ ఉన్న ఇంటికి రోజూ తిరిగొచ్చాడు. టీకా నాకెందుకు ముందు వేయలేదన్న మాటలో, నావల్ల ఆవిడకేమైనా అయితే అన్న మాట దాగి ఉండవచ్చు.

ఒళ్లు రాసుకోవడం గురించి ఒక సంగతి చెప్పాలి. ఇది అతనికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ మ్యాచ్‌లను పరిశోధకులు వీడియోలు పెట్టుకుని క్షుణ్ణంగా చూశారు. ఫుట్‌బాల్‌తో పోలిస్తే రగ్బీలో ఒకరి మీద ఒకరు పడటం ఎన్నో రెట్లు ఎక్కువ. వైరస్ ఉన్న ఆటగాడు ఆడిన మ్యాచ్‌ల తర్వాత ఎవరికి సోకిందో, ఎక్కడ సోకిందో ఆరా తీస్తే, దారి ఎక్కువగా మైదానం బయటికే వెళ్లింది. ఒకే కారులో కలిసి వెళ్లడం, ఆట అయ్యాక కలవడం, క్లబ్బు లోపలి కలయికలు. బయటి గాలిలో పరుగెడుతూ రెండు సెకన్లు ఢీకొన్నవాడికన్నా, అద్దాలు మూసిన కారులో పక్క సీట్లో అరగంట కూర్చుని కబుర్లాడినవాడే ఎక్కువ ప్రమాదం. ఆ జనవరిలో గోల్ కొట్టాక కౌగిలించుకోవద్దని ప్రీమియర్ లీగ్ ఆదేశించినప్పుడు నాకూ నవ్వొచ్చింది. అంతకు కొన్ని రోజుల ముందే క్రిస్మస్‌కు కొందరు లండన్ ఆటగాళ్లు కుటుంబాలతో ఒకచోట చేరి ఫొటో దిగి దొరికిపోయారు. కౌగిలికన్నా ఆ గది ప్రమాదకరం.

వరుస తప్పించి ఆటగాళ్లకు వేసిన చోట్ల ఏం జరిగిందో కూడా చూడండి. 2021 జూన్‌లో ఐరోపా దేశాల మధ్య జరిగే యూరో ఫుట్‌బాల్ పోటీలకు ముందు స్పెయిన్ కెప్టెన్ బుస్కెట్స్‌కు పాజిటివ్ వచ్చింది. దాంతో హడావిడిగా సైన్యాన్ని పిలిపించి జూన్ 11న జట్టుకు టీకాలు వేయించారు. తొలి మ్యాచ్ 14న. టీకా రక్షణ ఒంట్లో కుదురుకోవడానికి రెండు వారాలైనా పడుతుంది. జబ్బ నొప్పి, జ్వరం రావడానికి ఒక్కరోజు చాలు. అంటే ఆ మ్యాచ్‌కు దానివల్ల కలిగే లాభం సున్నా, నష్టం మాత్రం ఉండవచ్చు. డాక్టరుగా నేనైతే నెల ముందు వేయమని అడిగేవాణ్ణి, లేదా పోటీ అయ్యేదాకా ఆగమనేవాణ్ణి. దక్షిణ అమెరికాలో చైనా టీకా కంపెనీ సైనోవాక్ అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్యకు 50,000 డోసులు ఇచ్చింది. ఆ వ్యవహారంలో మెస్సీ సంతకం చేసిన చొక్కాలు కూడా చేతులు మారాయి. అయినా బ్రెజిల్‌లో ఆ ఖండపు దేశాల పోటీ కోపా అమెరికా మొదలయ్యే ముందే వెనిజులా బృందంలో చాలామందికి పాజిటివ్ రావడంతో కొత్త ఆటగాళ్లను అప్పటికప్పుడు పిలిపించుకోవాల్సి వచ్చింది.

తర్వాతి కథ ఇంకా చిత్రం. 2021 జూన్ 18కి ఇంగ్లండ్‌లో 18 నిండిన అందరికీ టీకా తలుపులు తెరిచారు. అక్టోబర్‌లో లీగ్ చెప్పిన లెక్క ప్రకారం ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లలో రెండు డోసులు పూర్తయినవారు 68 శాతమే, ఒక్క డోసైనా వేసుకున్నవారు 81 శాతం. జనవరిలో వరుసలో ముందు నిలబెట్టాలని కొందరు వాదించిన ఆటగాళ్లలోనే, వంతు వచ్చి నెలలు గడిచినా ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు వెళ్లలేదు. జర్మనీ క్లబ్బు బాయర్న్ మ్యూనిక్ ఆటగాడు జాషువా కిమ్మిక్ కూడా ఆ శరదృతువులో టీకా వేసుకోలేదని చెప్పాడు. నవంబర్‌లో కరోనా వచ్చి ఊపిరితిత్తుల్లో మార్పులు కనిపించడంతో ఏడాది చివరిదాకా ఆడలేకపోయాడు. ఆ తర్వాత వేసుకుంటానన్నాడు. అతనేమీ చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. మీ అబ్బాయిలాగే.

ఇక ఆ భయం సంగతి. క్రిస్టియన్ ఎరిక్సెన్ 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో ఫిన్లాండ్‌తో ఆడుతూ పడిపోయాడు. అతనికి అప్పటికి కరోనా రాలేదు, టీకా కూడా వేయలేదు. ఈ మాట అతని క్లబ్బు ఇంటర్ మిలాన్ డైరెక్టరే చెప్పారు. కాబట్టి ఆ వీడియో టీకాకు సాక్ష్యం కాదు. మైదానంలోనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. తర్వాత గుండెలయ తప్పితే సరిచేసే చిన్న పరికరాన్ని ఛాతీలో అమర్చారు. 2022లో ఇంగ్లండ్‌లోనే బ్రెంట్‌ఫోర్డ్ క్లబ్బు తరఫున మళ్లీ ఆడాడు. కరోనా పేరే లేని రోజుల్లో కూడా ఇలాంటివి జరిగాయి. 2003లో కామెరూన్ ఆటగాడు ఫో మైదానంలో పడి చనిపోయాడు. 2012లో బోల్టన్ ఆటగాడు మువాంబా గుండె 78 నిమిషాల పాటు సొంతంగా కొట్టుకోలేదు, అయినా బతికాడు. ఇంగ్లండ్‌లో ఇరవై ఏళ్ల పాటు 11,168 మంది కుర్ర ఫుట్‌బాలర్ల గుండెలు పరీక్షించారు. ప్రాణాపాయం తేగల లోపాలు 42 మందిలో బయటపడ్డాయి. పరీక్షలో అంతా బాగుందన్నవారిలో కూడా కొందరు తర్వాత హఠాత్తుగా చనిపోయారు. అంటే ఒకసారి చేసిన ఈసీజీ జీవితాంతం హామీ కాదు.

ఇంత చెప్పాక, అతని భయంలో నిజమున్న భాగాన్ని దాచను. ఎంఆర్‌ఎన్‌ఏ రకం (వైరస్‌ను కాక, దాని ఒక భాగాన్ని తయారుచేయమనే సందేశాన్ని ఒంటికి అందించే) కరోనా టీకాల తర్వాత, ముఖ్యంగా రెండో డోసు తర్వాత కొద్ది రోజుల్లో, కుర్ర మగవారిలో కొన్ని వేలల్లో ఒకరికి గుండె కండరం వాచింది. దాన్నే మయోకార్డైటిస్ అంటాం. చాలావరకు తేలిగ్గానే తగ్గింది. కరోనా జబ్బు వల్ల కూడా అదే వాపు వస్తుంది. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే జబ్బు వల్లే ఎక్కువ. ఇప్పుడు అసలు సంగతి వినండి. క్లబ్బు డాక్టరు మీ అబ్బాయికి వేస్తానంటున్నది ఆ టీకా కాదు. పెద్దలకు సూదిగా వేసే మామూలు ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, ఎంఆర్‌ఎన్‌ఏ కూడా ఉండదు. దానితో ఫ్లూ రాదు. ఫ్లూ జ్వరం మాత్రం గుండె కండరాన్ని వాపెక్కించగలదు.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది టీకా కాదు, ఆటగాళ్ల తొందర. ఒకసారి ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. జ్వరం తగ్గిన మూడో రోజే మ్యాచ్ ఉందని పరుగు మొదలుపెట్టాడట. కుర్చీలో వెనక్కి వాలలేక ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకుంటే నొప్పి ఎక్కువ, వంగితే తక్కువ. గుండె పైపొరకు వాపు వచ్చినప్పుడు సాధారణంగా అలాగే కూర్చుంటారు. ఈసీజీ తీసి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూసి, ఎకో అనే గుండె స్కాన్ చేయించి, మూడు నెలలు బంతి ముట్టుకోవద్దన్నాను. కోచ్ ఫోను చేసి మూడు వారాలు చాలదా అని బేరమాడారు. మాది కూరగాయల దుకాణం కాదని చెప్పి పెట్టేశాను. ఆ కుర్రాడు ఇప్పుడు ఆడుతున్నాడు.

కాబట్టి మీ అబ్బాయికి ఇలా చెప్పండి. ఫ్లూ టీకా మ్యాచ్ అయిన మర్నాడు వేయించుకుంటే, జబ్బ నొప్పి ఉన్నా తర్వాతి ఆటలోపు తగ్గిపోతుంది. ఆ రోజూ మర్నాడూ ఒళ్లు వెచ్చగా ఉంటే శిక్షణ మానేయాలి. గతంలో ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని పరిస్థితి వచ్చి ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. ఎప్పుడు ఏ జ్వరం వచ్చినా, అది ఫైనల్ రోజైనా సరే, జ్వరంతో పరుగెత్తకూడదు. ఛాతీ నొప్పి, ఆడుతుండగా కళ్లు తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం, గుండె తడబడినట్లు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా ఆ నిమిషమే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ సంగతి క్లబ్బు డాక్టరుకు తప్పక తెలియాలి. క్లబ్బులో గుండెకు షాక్ ఇచ్చే యంత్రం ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుందో కూడా అడిగి తెలుసుకోమనండి.

చివరగా, ఉత్తరమంతా మీ అబ్బాయి గురించే రాశారు. 86 ఏళ్ల మీ అత్తగారికి ఈ ఏడాది ఫ్లూ టీకా పడిందో లేదో రాయలేదు. ముందు ఆవిడను తీసుకెళ్లండి.