ఫీజు ఎవరు కడుతున్నారు బిడ్డా?

దేవరకొండ దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి రాసింది: "ఇంటర్ ఎంపీసీ పాసయ్యాను. ఎప్‌సెట్‌లో ర్యాంకు బాగా రాలేదు. నల్లగొండ ఎన్జీ కాలేజీలో బీఏ చేసి గ్రూప్స్ రాయాలని ఉంది. నాన్నేమో హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ సీటు తీసుకుని కంప్యూటర్ సైన్స్ చేయమంటున్నాడు. ఎల్బీనగర్ మామయ్య ఫీజు కడతానన్నాడట. రోజూ నాన్నతో గొడవే. అమ్మ ఏమీ అనదు. బీఏ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?"

ఉంటుంది. గ్రూప్-1, గ్రూప్-2కు ఏ డిగ్రీ అయినా చాలు. సోషల్ టీచర్ కావాలన్నా బీఏ మీద బీఈడీ చేయొచ్చు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టుకు మాత్రం ఇంజినీరింగే కావాలి. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం కూర్చున్నవాళ్లలో బీటెక్ పిల్లలూ ఉన్నారు, చూసి రా. దీని గురించి ఇంతకంటే చర్చ అనవసరం.

ఉత్తరం నిండా నాన్నే ఉన్నాడు. అమ్మ గురించి ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఫీజు కడతానన్నది ఎవరు? ఆమె తోడబుట్టినవాడు. వద్దంటే పుట్టింటికి దూరం, సరేనంటే జీవితాంతం అన్న ముందు తలొంచుకోవాలి. ఆమె ఇంకేం మాట్లాడుతుంది? నాన్న అరుపుల్లోనూ బావమరిది ముందు చిన్నబోతానన్న బాధే ఎక్కువని నా అనుమానం.

మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. నాలుగేళ్లూ మామయ్య చేతికేసే చూడాలి. ఆయనకు పెళ్లీడు కొడుకున్నాడో లేడో నువ్వు రాయలేదు. ఉంటే నేను విడమరిచి చెప్పక్కర్లేదు. బ్యాంకు అప్పుకు కాగితం ఉంటుంది, కడితే తీరుతుంది. మేనమామ సొమ్ముకు ఆ లెక్క లేదు.

నాన్నతో వాదన ఆపు. అమ్మ చేనుకు పోతుంటే వెంట పో. "మామయ్య ఎందుకు కడతానంటున్నడు? నీకిష్టమేనా అమ్మా?" అని అడుగు. "పెద్దోళ్ల సంగతి నీకెందుకు" అంటుంది. అయినా వదలకు. మామయ్యకు వద్దని చెప్పాల్సింది ఆమే. నువ్వు చెబితే పొగరంటారు, నాన్న చెబితే రెండిళ్ల మధ్య తగాదా అవుతుంది. చెల్లెలు చెబితే అన్న అలిగినా పండక్కి వస్తాడు.

ఈలోగా డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే దోస్త్‌లో ఎన్జీ కాలేజీకి ఆప్షన్ పెట్టుకో. లోపల ఎక్కడో కంప్యూటర్ సైన్సే నచ్చుతుంటే అదీ నిజాయితీగా చెప్పు. ఎప్‌సెట్ ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో ఏ కాలేజీ వస్తుందో చూడండి, చాలకపోతే బ్యాంకు లోనుకు పోండి. మామయ్య డబ్బుతో మాత్రం వద్దు.