బుకాయో చేయబోతే లౌజు అయింది

ప్రశ్న: మా చిన్నబ్బాయి ఫిలిప్పీన్స్‌లో, దవావోలో మెడిసిన్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు బుకాయో అని అక్కడి కొబ్బరి మిఠాయి తెచ్చాడు. నేనూ చేద్దామని కొబ్బరి తురిమి బెల్లం పాకంలో వేస్తే అచ్చం మన లౌజే వచ్చింది. తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తురమడంలోనే ఉందండీ. బుకాయోకి కొబ్బరిని సన్నగా, పొడుగ్గా చీరతారు, నమిలేటప్పుడు పంటికి తగలాలి. కాయ కూడా గుళ్లో కొట్టే ముదురు కాయ కాదు, అలాగని చెంచాతో గీకితే ఊడొచ్చే లేత మీగడా కాదు, ఆ రెండింటికీ మధ్యది. బోండాల బండి దగ్గర "నీళ్లు తక్కువున్నా సరే, కొబ్బరి గట్టిపడ్డది ఇవ్వు" అనండి, అలాంటివి ఎవరూ అడగరు కాబట్టి సంతోషంగా ఇస్తాడు.

ఆ కాయ నీళ్లు తాగేయకండి, పాకానికి అవే కావాలి. రెండు కప్పుల చీలికలను అరకప్పు కొబ్బరినీళ్లలో ముందు మెత్తగా ఉడకనిచ్చి, తర్వాతే కప్పు బెల్లం వేయండి, ముందే వేస్తే కొబ్బరి బిరుసెక్కుతుంది. అక్కడ వాడే ముదురు రంగు చెరకు చక్కెర మన బెల్లానికి దగ్గరి చుట్టమే, కామారెడ్డి బెల్లం దొరికితే బేఫికర్‌గా వాడండి, కాకపోతే కరిగించి వడగట్టాకే. ఇక సన్నమంట మీద కలుపుతూనే ఉండాలి. పాకం చుక్క చల్లనీళ్లలో ఉండ కడితే దించి, నూనె రాసిన పళ్లెంలో చెంచాతో చిన్న చిన్న బిళ్లలుగా పెట్టేయండి. లేతపాకంలో దించితే ఎంత ఆరినా చేతికి అంటుకుంటూనే ఉంటుంది, మరీ ముదిరితే పళ్లకు గండం. అబ్బాయి బ్యాగులో పెట్టి పంపేటట్టయితే కాస్త ముదురే మేలు (దవావోకి బుకాయో పంపే తల్లి మీరొక్కరే అవుతారేమో!).

ప్రశ్న: బికో అనే ఫిలిప్పీన్స్ అన్నం మిఠాయి చేద్దామని డబ్బా కొబ్బరిపాలు ఎంతసేపు మరిగించినా పైన చల్లే లాటిక్ (కొబ్బరిపాలు విరిగి వేగిన పలుకులు) రాలేదు. సన్నబియ్యం అన్నం కూడా ముద్ద కట్టలేదు.
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: డబ్బా పాలు విరగకుండా ఉండటానికి అందులో చాలావరకు ఏదో ఒకటి కలుపుతారు, మనకు కావాల్సిందేమో అవి విరగడమే! ముదురు కాయలు తురిమి, కాసిని వేడినీళ్లతో మిక్సీ పట్టి, గుడ్డలో పిండిన మొదటి చిక్కటి పాలు తీసుకోండి. మందపాటి మూకుడులో మరిగిస్తే చిక్కబడి, పలుకులుగా విరిగి, నూనె పైకి తేలుతుంది. ఆ పలుకులు గోధుమరంగుకి వచ్చేవరకు గరిట ఆపొద్దు, చివర్లో నిమిషం ఏమరినా చేదెక్కుతాయి.

బియ్యం విషయంలో మాత్రం రాజీ లేదు. జైశ్రీరాం ఎంత మెత్తగా వండినా పరమాన్నమే అవుతుంది, ముక్కలుగా కోసే బికో కాదు. దానికి జిగురు బియ్యమే కావాలి, ఇక్కడి కిరాణాల్లో ఉండదు గానీ అస్సాం బోరా బియ్యం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. రాత్రి నానబెట్టి వండి, కొబ్బరిపాలు, బెల్లం దగ్గరపడ్డాక అందులో కలిపి, గరిట తిప్పడం కష్టమయ్యేదాకా ఉడికించండి. లాటిక్ తీయగా మిగిలిన నూనె పారబోయకండి, బికో పరిచే అరిటాకుకు రాసేది అదే. మన ఎండలకు కొబ్బరిపాల వంట ఆగదు, ఏ రోజుది ఆ రోజే తినేయాలి.