త్రిభుజాన్ని తిప్పామా, తిరగేశామా?

సందేహం: రెండు సర్వసమాన త్రిభుజాల బొమ్మ ఇచ్చి, మొదటిది రెండోదాని మీదికి ఎలా వచ్చిందో రాయమంటే మా అమ్మాయి ‘తిప్పితే వచ్చింది’ అని రాసింది. టీచరు తప్పు కొట్టి ‘పరావర్తనం’ అని దిద్దారు. తిప్పడం, తిరగేయడం ఒకటే కదండీ? (బొమ్మ జతచేశాను.)

సమాధానం: వాడుకలో చాలాచోట్ల ఒకటేనమ్మా. పేజీ తిప్పమన్నా, తిరగేయమన్నా చేసే పని ఒకటే. కానీ అన్నిచోట్లా అలా కుదరదు. తిరగలిని తిప్పుతాం, తాళంచెవిని తిప్పుతాం, వాటిని తిరగేయం. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడంటే లోపలివైపు పైకి వచ్చిందని అర్థం. ‘తిప్పు’ అన్నది ‘తిరుగు’కు ప్రేరణార్థకం కాబట్టి దానికి ఎటు తిరిగినా ఫరవాలేదు. ‘తిరగేయి’ అంటే మాత్రం అడుగువైపు పైకి రావాల్సిందే.

గణితానికి కావలసింది సరిగ్గా ఈ తేడానే. త్రిభుజాన్ని అట్టముక్కగా కత్తిరించి, కాగితం మీంచి లేపకుండా తిప్పితే భ్రమణం. లేపి, బోర్లించి వేస్తే పరావర్తనం. ఊరికే పక్కకు జరిపితే జరపడమే, అక్కడ పేచీ లేదు.

ఇక మీ బొమ్మ. ఏ (1, 1), బీ (4, 1), సీ (1, 3). రెండోది పీ (–1, 1), క్యూ (–4, 1), ఆర్ (–1, 3). భుజాలు రెండింటిలోనూ 3, 2, √13. అయితే ఏ నుంచి బీ, సీల మీదుగా వేలు పోనిస్తే అపసవ్యదిశలో తిరుగుతుంది. పీ నుంచి క్యూ, ఆర్‌ల మీదుగా పోనిస్తే సవ్యదిశలో, అంటే ప్రదక్షిణం చేసే దిశలో. ఎంత తిప్పినా, ఎంత జరిపినా ఆ దిశ మారదు. వై-అక్షం మీద అద్దం పెట్టినట్టు తిరగేయాల్సిందే. రెండోది (–1, –1), (–4, –1), (–1, –3) అయ్యుంటే మీ అమ్మాయి మాటే ఒప్పు, మూలబిందువు చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే చాలు.

కాబట్టి టీచరు దిద్దింది సరైనదే. కాకపోతే అడ్డగీత కొట్టేముందు ‘ఎలా తిప్పావు?’ అని ఒక్క మాట అడగాల్సింది. పిల్ల మనసులో ఉన్నది తిరగేయడమేనేమో! పరీక్షలో మాత్రం ‘తిప్పారు’ అని వదిలేయకుండా భ్రమణమైతే ఏ బిందువు చుట్టూ, ఎన్ని డిగ్రీలో, పరావర్తనమైతే ఏ రేఖ మీదో కూడా రాయమనండి.

అన్నట్టు, ఇచ్చినవి సమద్విబాహు త్రిభుజాలై, శీర్షాలకు పేర్లు పెట్టకపోతే తిప్పినా, తిరగేసినా సరిపోయే వీలుంది. అక్కడ రెండు జవాబులకూ మార్కులు వేయాలి.