అడిగితే లేని ఆలోచన పుట్టదు

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి మధురవాడలో హాస్టల్లో ఉండి నీట్ లాంగ్‌టర్మ్ చదువుతోంది. మొన్న ఫోన్‌లో "నేను లేకపోతే మీకీ ఖర్చంతా తప్పేదమ్మా" అంది. గుచ్చి గుచ్చి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని భయం. అత్తగారు సింహాచలం తీసుకెళ్లమంటున్నారు. అమెరికాలో ఉన్న ఆడపడుచు సైకియాట్రిస్టుకు చూపించమంటోంది.

జవాబు: ఈరోజే వెళ్లి అడగండమ్మా. పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని నేరుగానే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనల్లో తేలింది. "పిచ్చి మాటలు మాట్లాడకు" అన్నారో, ఇక మీతో ఏదీ చెప్పదు.

అత్తగారి మాటా, ఆడపడుచు మాటా రెండూ కాదనను. ఎందుకు బతకాలనుకుంటున్నారని 1983లో అమెరికాలో మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ బృందం జనాన్ని అడిగితే, కుటుంబం మీద బాధ్యత, మతపరమైన నమ్మకాలు అక్కడా వచ్చాయి. అమ్మానాన్నలకూ బడికీ దగ్గరగా ఉన్న పిల్లల్లో ఈ ఆలోచనలు తక్కువని 1997లో అక్కడి విద్యార్థుల మీద చేసిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఇల్లు ఎక్కడైనా అండే. కాకపోతే మన పిల్లలకు ఆ ఇల్లే తీర్చాల్సిన బాకీలా కూడా కనిపిస్తుంది. మీ అమ్మాయి మాటలో నాకు వినిపించింది అదే. అందుకే "నీ కోసమే కదా ఈ కష్టమంతా" అనకండి. ఫోన్ ఎత్తగానే వీక్లీ టెస్టు మార్కులు అడగకండి (అవి మెసేజ్‌లో ఎలాగూ వస్తాయి). సీటు రాకపోతే నర్సింగో, అగ్రికల్చరో చూద్దామని వాళ్ల నాన్నగారితోనే చెప్పించండి. మీరు చెబితే ఓదార్పు అనుకుంటుంది, ఆయన చెబితే నమ్ముతుంది.

అప్పన్న దర్శనానికి తను ఇష్టపడితే వెళ్లండి, డాక్టరుకు బదులుగా మాత్రం కాదు.

"అవును" అందంటే ఒంటరిగా వదలకండి. ఇంటికి తెచ్చుకోండి, ఇంట్లో మందులవీ తాళంలో పెట్టండి, వెంటనే డాక్టరుకు చూపించండి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే అర్ధరాత్రైనా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. మీకు టెన్షన్‌గా ఉన్నా చేయండి.

ఇక హాస్టల్ సంగతి. విశాఖలోనే చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. మీ దగ్గర ఆ కౌన్సెలర్ ఎవరో, ఎప్పుడు కలవొచ్చో ప్రిన్సిపాల్‌నే అడగండి. "అవన్నీ వార్డెన్ చూసుకుంటారండీ" అంటే ఒప్పుకోకండి.