ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్‌కి రీసెర్చ్, రైటింగ్ ఎలా నేర్చుకోవాలి? ఏ సైట్లు వాడాలి, ఫుట్‌నోట్లు ఏ స్టైల్లో వేయాలి?

సైట్ల సంగతి ముందే తేల్చేస్తాను. తీర్పులు వెతకడానికి, కాలేజీ లాగిన్ ఉంటే ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర. లేకపోతే ఇండియన్ కానూన్, సుప్రీంకోర్టు తన తీర్పుల కోసం 2023లో ఉచితంగా తెరిచిన ఈ-ఎస్‌సీఆర్. పాత పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధ్‌గంగ. అంతే. వీటిలో ఏది వాడినా, తీర్పు మొత్తం చదవకపోతే నాకు పట్టిన గతే పడుతుంది.

నా టాపిక్ ప్రైవసీ హక్కు. ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్న పుట్టస్వామి తీర్పు ఇంకా రాని రోజులు. ఖరక్ సింగ్ కేసు (1962) గురించి ఎంతో ధీమాగా రాశాను: ‘వ్యక్తిగత స్వేచ్ఛలో ప్రైవసీ అంతర్భాగమని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.’ ఈ ముక్క నాకు ఎవరిదో వ్యాసంలో దొరికింది. ఫుట్‌నోట్‌లో ఆ వ్యాసం పేరు పెట్టకుండా నేరుగా ఏఐఆర్ (తీర్పులు అచ్చువేసే ఆల్ ఇండియా రిపోర్టర్) 1963 ఎస్‌సీ 1295 అని వేసేశాను. అలా వేస్తే తీర్పు నేనే చదివినట్టు ఉంటుంది కదా.

వైవాకి ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మేడం ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసుకుని వచ్చారు.

“ఇది ఎవరన్నారమ్మా?”

“సుప్రీంకోర్టు, మేడం.”

“బెంచ్‌లో ఎంతమంది?”

“ఐదుగురు.” రాజ్యాంగ ధర్మాసనం అంటే ఐదుగురేనని గుడ్డి లెక్క.

“ఆరుగురు. వాళ్లలో ఈ మాట ఎవరిది?”

మా గైడ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆ మాట జస్టిస్ కోకా సుబ్బారావుది. తెలుగువాళ్లమై ఉండి అది కూడా తెలియకపోవడం ఇంకో సిగ్గు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. ఇద్దరిదీ మైనారిటీ తీర్పు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషికి హిస్టరీ షీట్ తెరిచి, పోలీసులు అర్ధరాత్రి ఇంటికొచ్చి లేపుతున్నారన్నది ఆ కేసు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రాసిన మెజారిటీ తీర్పు ఆ రాత్రి తనిఖీల నిబంధనను కొట్టేసింది కానీ, ప్రైవసీ హక్కుకు మన రాజ్యాంగం గ్యారంటీ ఇవ్వలేదని అదే తీర్పులో చెప్పింది. అంటే కోర్టు చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా రాసి, దాని మీద ఇరవై పేజీల చాప్టర్ కట్టాను.

ఫెయిల్ చేయలేదు, దిద్ది మళ్లీ ఇమ్మన్నారు. ఆ వారం లైబ్రరీలో ఏఐఆర్ వాల్యూమ్ దించి మొదటిసారి ఆ తీర్పు చదివాను. కడుపు మండిందెప్పుడంటే, నాకు కావలసిన వాదన అక్కడే ఉందని తెలిసినప్పుడు. ప్రైవసీ హక్కే లేకపోతే, అర్ధరాత్రి తలుపు కొట్టడం దేనికి భంగం? మెజారిటీ తీర్పులోని ఆ పొసగనితనాన్ని పట్టుకుంటే మంచి చాప్టర్ అయ్యేది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ ఆ వైరుధ్యాన్ని ఎత్తిచూపి, ప్రైవసీ లేదన్న మాటను ఓవర్‌రూల్ చేసింది.

అందుకే నా దృష్టిలో లీగల్ రీసెర్చ్ అంటే ఇదొక్కటే: వాడుకునే ప్రతి కేసుకూ ఒక కాగితం. బెంచ్‌లో ఎంతమంది, తీర్పు ఎవరు రాశారు, ఎవరు విభేదించారు, నిర్ణయానికి ఆధారమైన సూత్రం ఏది, మాటవరసకు అన్నది ఏది, తర్వాత ఆ తీర్పు నిలిచిందా, పోయిందా. తీర్పు పైన సారాంశంగా వేసే హెడ్‌నోట్ చూసి రాసేవాళ్లకు ఒక మాట: ఏఐఆర్ హెడ్‌నోట్ రాసేది జడ్జీలు కాదు, ఎడిటర్లు.

మెథడాలజీ క్లాసుల్లో ఇవేవీ చెప్పరు. డాక్ట్రినల్ (చట్టాలు, తీర్పులు చదివి చేసేది), నాన్-డాక్ట్రినల్ (సర్వేల్లాంటి వాటితో చేసేది) అని నోట్స్ రాయించి పంపేస్తారు. పిల్లల టెన్షనంతా సిమిలారిటీ పర్సెంటేజీ మీదే, అంటే వేరేవాళ్ల రాతతో ఎంత శాతం కలిసిందన్న లెక్క మీదే. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం 10 శాతం దాకా పెనాల్టీ లేదు కాబట్టి, ఆ పదికి దించడానికి పారాఫ్రేజ్ టూల్లో వేసి తిప్పుతారు. ‘ఫండమెంటల్ రైట్’ కాస్తా ‘బేసిక్ ప్రివిలేజ్’ అయి బయటికొస్తుంది. నవ్వాలో ఏడవాలో తెలియదు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన కేసులను కోర్టులో దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారని అందరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. చదవకుండా నమ్మడంలో వాళ్లకీ నాకూ పెద్ద తేడా లేదు.

రైటింగ్ గురించి కూడా అడిగారు. జడ్జీల ఇంగ్లిష్ మనకెందుకు? ‘ఇట్ ఈజ్ పర్టినెంట్ టు మెన్షన్ హియర్’ అన్న ముక్క ఎక్కడ కనిపించినా కొట్టేయండి. వాక్యానికి ఏమీ కాదు. చాప్టర్ మొదలుపెట్టే ముందు అందులో మీరు ఏం అనబోతున్నారో ఒక్క వాక్యంలో, కావాలంటే తెలుగులోనే రాసుకోండి. ఆ వాక్యం రావడం లేదంటే ఇంకా చదవాల్సింది ఉన్నట్టు.

ఫుట్‌నోట్లు బ్లూబుక్కా, ఓస్కోలానా అంటే మీ యూనివర్సిటీ ఏది అడిగితే అది. పేరా నంబర్ మాత్రం మీ కంటితో చూసిందే వేయండి. ఆ వ్యాసం నుంచి నేను ఎత్తిన నంబర్ కూడా తప్పే. దాని పక్కనా మేడం పెన్సిల్ గీత ఉంది.