మే, మైట్, కుడ్ పక్కన పాసిబ్లీ, ప్రాబబ్లీ, వెల్: ఏది దేనితో కలుస్తుంది?

గుణుపురం నుంచి మీరు అడిగినవి మూడు. 'మే' అన్నా 'పాసిబ్లీ' అన్నా 'కావచ్చు' అనే కదా, రెండూ కలిపి రాస్తే తప్పా? 'కాంట్ పాసిబ్లీ' అంటే 'బహుశా కుదరదేమో' అనా? 'ప్రాబబ్లీ'ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి? నేను పర్లాకిమిడిలో ఇంగ్లీష్ ట్యూషన్లు చెబుతుంటాను. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఇంటర్వ్యూకి వెళ్తే ఇంగ్లీష్. ఇటువైపు పిల్లలందరి పరిస్థితీ ఇదే కాబట్టి ఈ మూడు ప్రశ్నలూ నాకు బాగా పాతవే.

మొదటిదానికి జవాబు: తప్పు కాదు. ఒకే అనుమానాన్ని రెండుసార్లు చెప్పడం మనకు అలవాటే. 'బహుశా రేపు రావచ్చు', 'బహుశా వెళ్ళిపోయాడు కాబోలు' అంటాం. బహుశా తీసేసినా ఆ పని 'వచ్చు', 'కాబోలు' చేసేస్తాయి, అయినా పెడతాం. 'ఒకవేళ వస్తే' కూడా అంతే. ఒడియాలో 'బోధహుఏ ఆసిపారే' అన్నప్పుడూ బోధహుఏలో ఒకసారి, పారేలో ఇంకోసారి అదే అనుమానం ఉంది. 'హి మే పాసిబ్లీ కమ్' కూడా ఈ బాపతే. జాన్ లయన్స్ అనే భాషాశాస్త్రవేత్త 1977లో ఇలాంటి జంటలను 'మోడల్లీ హార్మోనిక్' అన్నారు. 'మే', 'విల్' లాంటి సహాయక క్రియ (దీన్నే మోడల్ అంటారు) ఎంత నమ్మకం చూపిస్తోందో పక్కనున్న 'పాసిబ్లీ' లాంటి యాడ్‌వర్బ్ కూడా ఇంచుమించు అంతే చూపిస్తే, రెండూ కలిసి ఒకే మాటలా వినిపిస్తాయి.

నమ్మకం స్థాయి కలవకపోతేనే చిక్కు. 'బహుశా వచ్చి తీరతాడు' అని తెలుగులో ఎవరూ అనరు. అదే మనిషి ఇంగ్లీష్‌లో మాత్రం అనేస్తాడు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయికి విశాఖలో ఉద్యోగం వచ్చింది. ఎప్పుడు చేరతారని అడిగితే 'ఐ మే సర్టెన్లీ జాయిన్ ఆన్ మండే' అని మెయిల్ పెట్టింది. కాసేపటికే అక్కడి నుంచి ఫోన్: వస్తున్నట్టా, ఇంకా ఆలోచిస్తున్నట్టా అని. పాపం ఆ పిల్లకి టెన్షన్. 'మే' ఎందుకు రాశావమ్మా అంటే, 'విల్ అంటే పొగరుగా ఉంటుందేమోనని సార్' అంది. 'మే ఐ కమిన్ సర్' దగ్గర నేర్చుకున్న మర్యాద అది. కానీ ఆ మర్యాద అనుమతి అడిగేటప్పుడే. మన సంగతి మనం చెప్పుకునేటప్పుడు 'మే' అంటే వస్తామో రామో తెలీదని. 'విల్ సర్టెన్లీ', 'విల్ డెఫినెట్లీ' అంటే పొగరేమీ కాదు. అనుమతి ఇచ్చేటప్పుడైతే 'యు మే సర్టెన్లీ కమ్ ఇన్' అనడంలో తప్పే లేదు, నిరభ్యంతరంగా రండి అని అర్థం.

మనందరం వాడే ఇంకో జంట 'మే ప్రాబబ్లీ'. 'ఇట్ మే ప్రాబబ్లీ రెయిన్' అంటాం. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు ఎక్కువగా 'విల్ ప్రాబబ్లీ' అంటారు. 'మే' ఎటూ తేల్చదు, 'ప్రాబబ్లీ' మాత్రం అవుతుందనే వైపు మొగ్గుతుంది. మన దేశం ఇంగ్లీష్‌లో ఇది బాగా పాతుకుపోయింది కాబట్టి ఎవరైనా అంటే నేను సరిదిద్దను. రాతలో మాత్రం 'విల్' పెట్టించేస్తాను. 'షుడ్ ప్రాబబ్లీ' సంగతి వేరు. 'యు షుడ్ ప్రాబబ్లీ సీ ఎ డాక్టర్' అన్నప్పుడు అక్కడ అనుమానం లేదు, మెత్తదనం ఉంది. 'ఓసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో' అనడంలో 'ఏమో' చేసే పని అది.

అన్నిటికన్నా నాకు సరదా పుట్టించేది 'వెల్'. నౌపడా నుంచి గుణుపురం వచ్చే బండినే తీసుకోండి. 'ద ట్రైన్ మే బి లేట్' అంటే లేటు కావచ్చు, కాకపోవచ్చు. 'ద ట్రైన్ మే వెల్ బి లేట్' అంటే లేటయ్యేటట్టే ఉంది, అయితే ఆశ్చర్యపోకండి అని. 'బాగా' అనే అర్థం ఇక్కడ వెతకొద్దు. 'మే', 'మైట్', 'కుడ్' పక్కన 'వెల్' చేరితే ఆ అవకాశం ఒక మెట్టు పెరుగుతుంది, అంతే. 'విల్' పక్కన ఈ 'వెల్' రాదు. అవుతుందని తేల్చేశాక ఇక పెంచడానికేముంది?

మధ్యలో 'యాజ్' చేరిందంటే కథే మారిపోతుంది. 'ఎలాగూ పాతపట్నం దాకా వచ్చాం, నీలమణి దుర్గమ్మను చూసేసి పోదాం' అంటాం కదా, ఆ 'ఎలాగూ'యే 'మైట్ యాజ్ వెల్'. 'వుయ్ మైట్ యాజ్ వెల్ విజిట్ ద టెంపుల్.' అంతకన్నా మంచి పనేమీ లేదు, మానేయడానికి కారణమూ లేదు, అలాంటప్పుడు అనే మాట. అందుకే దీన్ని పిలుపుల్లో వాడకండి. 'యు మైట్ యాజ్ వెల్ కమ్ టు మై సిస్టర్స్ వెడ్డింగ్' అంటే 'ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, చెల్లి పెళ్ళికి వచ్చి పో' అన్నట్టుంటుంది. అలా పిలిస్తే ఎవరొస్తారు?

ఇక 'కాంట్ పాసిబ్లీ'. మీరు అనుకున్నదానికి సరిగ్గా ఎదురు. విడిగా ఉన్నప్పుడు 'పాసిబ్లీ' బలహీనమైన మాటే. 'నాట్' తర్వాత వచ్చిందంటే, ఉన్న దారులన్నీ మూసేస్తుంది. 'ఐ కాంట్ పాసిబ్లీ కమ్ టుమారో' అంటే రేపు ఎట్టి పరిస్థితుల్లోనూ రాలేను అని. 'ఐ పాసిబ్లీ కాంట్ కమ్' అని తిప్పితే, రాలేనేమో అని. మాటలు అవే, వరస మారింది. నిజానికి 'నాట్' ఉన్న ప్రతి వాక్యంలోనూ ముందు చూసుకోవాల్సింది ఈ వరసే. 'ఐ రియల్లీ కాంట్ సే' అంటే నిజంగానే చెప్పలేను. 'ఐ కాంట్ రియల్లీ సే' అంటే అంత గట్టిగా చెప్పలేను. మొదటిదానిలో 'రియల్లీ' నాట్‌కి బయట ఉండి దానికి బలమిస్తుంది. రెండోదానిలో నాట్‌కి లోపల చిక్కుకుని తనే పలచబడుతుంది. 'యు సింప్లీ కాంట్ లీవ్' అంటే నువ్వు వెళ్ళడానికి వీల్లేదంతే. 'యు కాంట్ సింప్లీ లీవ్' అంటే ఊరికే అలా లేచి వెళ్ళిపోతే ఎలా, చెప్పి వెళ్ళు అని. 'హార్డ్‌లీ'లో అయితే 'నాట్' ముందే కలిసి ఉంది. 'ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యు' చాలు, 'కాంట్ హార్డ్‌లీ' అని రాయకండి.

ఇదే 'పాసిబ్లీ' ప్రశ్నలోకి వస్తే మర్యాద అవుతుంది: 'కుడ్ యు పాసిబ్లీ సెండ్ ఇట్ టుడే?' కుదరదు అనడానికి అవతలివాళ్ళకి చోటు వదిలినట్టు. కంపెనీ మెయిల్స్‌కి ఇది బాగుంటుంది. సర్కారీ దరఖాస్తుల్లో మనం రాసే 'లీవ్ మే కైండ్లీ బి శాంక్షన్డ్' ఆ ఆఫీసుల భాషలో సరైనదే, నవ్వాల్సిందేమీ లేదు. కానీ 'యు మస్ట్ కైండ్లీ సెండ్' మాత్రం ఎక్కడా వద్దు. 'మస్ట్' ఆజ్ఞ, 'కైండ్లీ' బతిమాలడం, రెండూ ఒక వాక్యంలో ఇమడవు.

బళ్ళో మోడల్స్ ఒక పాఠంగా, యాడ్‌వర్బ్స్ ఇంకో పాఠంగా వచ్చి వెళ్ళిపోతాయి. రెండూ కలిసే చోటు ఏ పాఠంలోనూ రాదు. అందుకే విని పట్టుకోమంటాను. మా పర్లాకిమిడి రాజావారి బళ్ళో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను సవరల నోట విని నేర్చుకుని, దానికి నిఘంటువే తయారుచేశారు. మనకి అంత కష్టం లేదు, ఇంగ్లీష్ క్రికెట్ కామెంటరీ పెట్టుకుంటే చాలు. 'దట్ కుడ్ వెల్ బి అవుట్', 'దే విల్ ప్రాబబ్లీ బ్యాట్ ఫస్ట్', 'దట్ మస్ట్ ష్యూర్లీ బి సిక్స్' లాంటి జంటలు చెవిన పడుతూనే ఉంటాయి. విన్నది విన్నట్టు జంటగానే రాసుకోండి, విడగొట్టొద్దు.

మూడోది చిన్నదే. 'ప్రాబబ్లీ' మామూలుగా మొదటి సహాయక క్రియ తర్వాత వస్తుంది: 'హి విల్ ప్రాబబ్లీ కమ్', 'హి విల్ ప్రాబబ్లీ హావ్ లెఫ్ట్'. 'వోంట్' ఉంటే దానికి ముందుకి జరుగుతుంది: 'హి ప్రాబబ్లీ వోంట్ కమ్'. మనవాళ్ళు అనే 'హి వోంట్ ప్రాబబ్లీ కమ్' చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎవరైనా 'విల్ యు కమ్?' అని అడిగితే పొట్టి జవాబులో కూడా ముందుకే: 'ఐ ప్రాబబ్లీ విల్'. అక్కడ 'ఐ విల్ ప్రాబబ్లీ' అని ఆపేస్తే, ఇంకా ఏదో చెబుతారని ఎదుటివాళ్ళు మీ ముఖం వంకే చూస్తూ ఉంటారు.